ఎర్రక్క నీళ్ళు, భట్టుగారి మాటలు

గొడుగుపాడు కోటను ఏలిన రంగభూపతికి ఒకనాడు చిత్రమైన కోరిక పుట్టింది. ఉయ్యాల దిగకుండానే కోటలో సంగతులన్నీ తెలిసిపోవాలట.

సంగతులు చెప్పేవాళ్ళు ఉన్నారు. గాదెల కాపరి ధాన్యం వేడెక్కితే "గాదె మీద పిల్లి లేచిపోయిందయ్యా" అంటాడు. రాజు స్నానానికి నీళ్ళు కాచే ఎర్రక్క, మోచెయ్యి ముంచి వేడి చెబుతుంది. థర్మామీటర్లు లేని కాలంలో ఆ మోచేతికి అంత తెలియడం నాకిప్పటికీ వింతే.

చిక్కేమిటంటే, మోటు మాట రాజు చెవిన పడకూడదని అక్కడ ఆచారం. అందుకని వామదేవ భట్టు గడప మీద నిలబడి, అవతలి మాట విని, సింగారించి ఇవతల చెప్పేవాడు. పిల్లి కబురు విని "మార్జాలం తీర్థయాత్రకు వెళ్ళింది ప్రభూ" అన్నాడు. రాజు దానికి దారిబత్తెం పంపించాడు. ధాన్యం ముక్కిపోయింది.

మర్నాడు ఎర్రక్క, "కోడి ఈకలు ఊడే వేడండి" అని చెప్పింది.

భట్టు రాగం తీశాడు. "పక్షులు ఒళ్ళు మరిచే జలం, ప్రభూ."

రాజు ఉయ్యాల మీద నుంచే సంబరంగా రెండు కాళ్ళూ ముందున్న నీళ్ళ తొట్టెలో పెట్టాడు.

కాళ్ళకు వెన్న రాయించుకుంటూ, "ఆ ఎర్రక్కను పొద్దుగూకేలోగా కోట దాటించండి" అన్నాడు.

"నేను సరిగానే చెప్పాను సామీ. ముసలిదాన్ని, ఎక్కడికి పోను?" అంది ఎర్రక్క.

"నేనూ సరిగానే చెప్పాను, అలంకారంతో సహా" అన్నాడు భట్టు.

రాజుకు తమలపాకుల పెట్టె మోసే తిప్పన్న ముందుకొచ్చాడు. "ప్రభూ, మరొక్క తొట్టె కాయించండి. ఈసారి కబురు తెచ్చినవాళ్ళు ముందు తమ కాలు పెట్టాలి. తరవాతే తమరు."

రాజు సరేనన్నాడు. తొట్టె వచ్చింది. ఎర్రక్క మోచెయ్యి అలా ఆనించి తీసేసింది.

"గుడ్డు ఉడికే వేడి, భట్టుగారూ."

భట్టు గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ, అండములు పరిపూర్ణత పొందే పుణ్యజలం..."

"ఎంత బాగా చెప్పారండీ. ఏదీ, పంచె ఎత్తి కాలు పెట్టండి" అన్నాడు తిప్పన్న.

భట్టు కాలు ఎత్తాడు. ఆవిరి తగిలింది. ఒంటికాలి మీద అలాగే ఆగిపోయాడు.

"మహారాజా, సలసలా కాగుతున్నాయి. కాలు ఉడికిపోద్ది."

సభ గొల్లుమంది. రాజు తెల్లబోయి, "భట్టూ, నువ్వు చెప్పింది నాకు అర్థం కావడం ఇదే మొదటిసారి" అన్నాడు. తరవాత తిప్పన్న వైపు తిరిగి, "నువ్వయితే ఏమని చెబుతావురా?" అని అడిగాడు.

"ఇప్పుడు కాలు పెట్టకండి, రెండు బిందెలు చన్నీళ్ళు పోయించి పెట్టండి అంటాను ప్రభూ. ఎర్రక్క చెప్పిన వేడిని తగ్గించాల్సింది చన్నీళ్ళతో గానీ మాటలతో కాదు కదా."

రాజు ఉయ్యాల ఊగిపోయేలా నవ్వాడు. చేతి కడియం తీసి ఎర్రక్క మోచేతికి తానే తొడిగి, తిప్పన్నను తీసుకెళ్ళి గడప మీద నిలబెట్టాడు. ఆ హడావిడిలో ఉయ్యాల దిగిన సంగతే ఆయనకు తెలియలేదు.