పదిహేనో రాయి

రాయి చిన్నది. రేగుపండంత ఉంటుందేమో. దాన్ని లుంగీ అంచులో ముడివేసి నడుం దగ్గర దోపుకున్నాడు దస్తగిరి. నిలబడితే ఉన్నట్టే తెలియదు. నమాజులో నుదురు నేలకు ఆనించడానికి వంగినప్పుడు మాత్రం కడుపులో గుచ్చుకుంటోంది.

నిన్న మధ్యాహ్నం నుంచి వంగినప్పుడల్లా గుచ్చుకుంది. పారెయ్యడానికి రెండుసార్లు గుట్ట వెనక్కి వెళ్ళాడు. రెండుసార్లూ చెయ్యి ఎత్తి, మళ్ళీ ముడివేసుకుని తిరిగొచ్చాడు.

నల్లగుట్ట దర్గాలో అతనికిది నాలుగో ఏడు. పెద్దాయన కాశింసాబ్ దగ్గర శిష్యరికం చేస్తున్నాడు. బిడ్డలకు తాయెత్తు కట్టమని తల్లులు ఈమధ్య పెద్దాయనను వదిలి అతన్నే అడుగుతున్నారు. కాశింసాబ్ తర్వాత దర్గా బాధ్యత దస్తగిరిదేనని గుట్ట కింద పెద్దవంక ఊళ్ళో అందరూ అనుకుంటున్నారు. అందరికంటే ముందు దస్తగిరే అనుకున్నాడు.

ఉరుసు మొదలై రెండోరోజు. ఉరుసంటే అక్కడ ఫాతిహా ప్రార్థన ఒక్కటే కాదు. గుట్ట మొదట్లో ఒకవైపు పడుచువాళ్ళు రాతిగుండు ఎత్తుతారు. ఇంకోవైపు చెడుగుడు కూతలు. ఆడవాళ్ళ తాడు లాగుడును మొగవాళ్ళు చెట్లెక్కి చూస్తారు. ముసలివాళ్ళ ఆట మాత్రం మెట్ల పక్కనున్న చదును బండ మీద. ఎవరు చెక్కారో తెలియని పులిమేక గీతలు ఆ బండ మీద ఉన్నాయి.

ఒకడివి మూడు పులులు. ఇంకొకడివి పదిహేను మేకలు. మేకలవాడు ఒక్కొక్క రాయీ దించుతూ పులులకు దారి మూసేస్తాడు. పులి సందు దొరికితే మేక మీదుగా దూకి దాన్ని తినేస్తుంది. ఓడినవాడు లేచిపోతూ తన రాళ్ళసంచి గెలిచినవాడికి వదిలెయ్యాలి. అది అక్కడి వాడుక.

మేకల పక్కన ముప్పై ఏళ్ళుగా కూర్చునేది కురుబ మాళప్ప. ఊరి మేకలన్నీ ఆయనే కాస్తాడు. చూపు మందగించి నాలుగేళ్ళయింది. మందను తలమీద చెయ్యివేసి లెక్కపెట్టుకుంటాడు. ఆటలోనూ అంతే, గీతలను వేళ్ళతో తడిమి రాయి దించుతాడు. ఆయన సంచి ఎవరికీ పోయింది లేదు.

నిన్న పులుల వైపు దస్తగిరి కూర్చున్నాడు. నాలుగేళ్ళుగా పక్కన నిలబడి చూసి నేర్చుకున్న ఆట. జనం మూగారు.

"దర్గా పిల్లోడప్పా, చదువుకున్నోడు. తాతా, జాగ్రత్త!"

"పులికి చదువెందుకురా? పండ్లుంటే చాలు," అన్నాడు మాళప్ప.

అందరూ నవ్వారు. దస్తగిరి నవ్వలేదు. ఇంకాసేపటికి రెండు పులులు కదల్లేకుండా బిగిసిపోయాయి. మూడోదానికి ఒక్కటే సందు మిగిలింది. మాళప్ప పక్కన ఇంకా దించవలసిన రాయి ఒక్కటే ఉంది. ఆ రాయి ఆ సందులో పడితే ఆట అయిపోయినట్టే.

అప్పుడే చెట్టుకు కట్టేసిన మేకపిల్ల ఒకటి తాడు మెడకు చుట్టుకుని అరిచింది. జనం అటు చూశారు. మాళప్ప చెవి అటు తిప్పి, "ఎవరన్నా దాని తాడు విప్పండి నాయనా," అన్నాడు.

దస్తగిరి చెయ్యి పోయి రాయిని తీసింది.

మాళప్ప వేళ్ళు రాయి కోసం వచ్చాయి. ఉండవలసిన చోట లేదు. చుట్టూ ఒకసారి తడిమాయి. ఒక్కసారే. తర్వాత ఆయన చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నా లెక్క తప్పింది," అన్నాడు. "వయసయిపాయె."

పులి సందులోంచి దూకింది. ఆ తర్వాత వరసగా ఐదు మేకలు పోయాయి.

"ఏం తాతా, పులి నీ కండ్లు గూడా తినిందా?" అన్నాడెవడో. జనం గొల్లుమన్నారు. మాళప్ప లేచి, సంచి బండ మీద పెట్టి, కర్ర వెతుక్కుని వెళ్ళిపోయాడు. వెనకనుంచి ఊరి ఓబులమ్మ గొంతు దస్తగిరికి స్పష్టంగా వినబడింది.

"పదైదు రాళ్ళ లెక్కే దొరకనోనికి నూటాయాభై మేకల లెక్క యాడ దొరుకుతాది? నా పాడిమేక ఏ తోడేలు నోట్లో పడుతుందో. ఈ ఏడు ఇంకో కాపరి సుంకన్నకిస్తా."

ఉరుసు రెండోరోజు మధ్యాహ్నం ఊరు కాపరికి మంద అప్పజెబుతుంది. కాపరి మేక కొమ్ముకు పసుపు రాస్తే వచ్చే ఉరుసు దాకా ఆ మేక అతని చేతిదే. మధ్యలో వెనక్కి తీసుకోవడమన్నది లేదు.

ఆ మధ్యాహ్నం ఈవాళే.

పొద్దుటి నమాజు అయ్యాక కాశింసాబ్ దస్తగిరిని పిలిచాడు.

"నిన్న గెలిచినావంట?"

"అవును బాబా."

"సంచి తేపో. బండ కాడికి పోదాం. నాతో ఒక ఆట ఆడు. నువ్వు మేకలు తీసుకో."

అంత పొద్దున బండ దగ్గర ఎవరూ లేరు. దస్తగిరి సంచి కుమ్మరించాడు. వంకవాగులో ఏరిన నల్లటి రాళ్ళు, అరిగి నున్నగా అయినవి. ఎన్ని ఉన్నాయో అతనికి తెలుసు.

"సరిపోయినాయా?" అన్నాడు కాశింసాబ్.

"సరిపోయినాయి బాబా."

పెద్దాయన పులుల్ని నడపసాగాడు. దస్తగిరి రాళ్ళు దించుతూ పోయాడు. సగం ఆటయ్యాక అతను గమనించాడు. నిన్న తాను పులిని ఎక్కడికి జరిపాడో బాబా సరిగ్గా అక్కడికే జరుపుతున్నాడు. ఒక్క గీత కూడా తప్పడం లేదు. నిన్న ఆ జనంలో బాబా కూడా ఉన్నాడని అతనికి అప్పుడు తెలిసింది.

మొదటి పులి బిగిసింది. రెండోదీ బిగిసింది. మూడోదానికి ఒక్క సందు మిగిలింది. దస్తగిరి పక్కన రాళ్ళు లేవు.

"దించు నాయనా."

దస్తగిరి ఖాళీ సంచి వైపు చూశాడు.

"ఏమాయె?"

"రాయి... లేదు బాబా."

"నిన్న మాళప్పకూ లేకపాయె గదా. అప్పుడాయన ఒక మాటన్నాడు. ఏమన్నాడు?"

దస్తగిరి చెయ్యి నడుం దగ్గరి ముడి మీదికి పోయింది.

"అదే మాట నువ్వూ అను. ఆట అయిపోతాది."

"నా లెక్క..." అన్నాడు దస్తగిరి. మాట అక్కడే ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగిపోయింది.

కాశింసాబ్ తన పులిని దూకించలేదు. ఉన్నది ఉన్నట్టే వదిలేసి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ముడిలో ఏముందని అడగనే లేదు.

ఎండ ఎక్కింది. మేకల్ని తోలుకుని ఊరంతా గుట్ట మొదట్లో చేరింది. సుంకన్న ఎర్ర తువ్వాలు తలకు చుట్టుకుని పసుపుగిన్నెతో నిలబడ్డాడు. పది అడుగుల అవతల మాళప్ప కూడా తన గిన్నె పెట్టుకుని కూర్చున్నాడు. ఆ గిన్నెలో పసుపు కలిపినది కలిపినట్టే ఉంది.

దస్తగిరి గాజుల అంగడి వెనక నిలబడ్డాడు. ఏం చెప్పాలో కూడబలుక్కున్నాడు. మొదటి మాట బాగాలేదనిపించి మార్చాడు. గుండు ఎత్తేవాళ్ళ దగ్గర కేకలు తగ్గాక పోదామనుకున్నాడు. తగ్గాయి. ఓబులమ్మ పక్కకు తప్పుకున్నాక పోదామనుకున్నాడు. తప్పుకుంది. అంగడామె రెండుసార్లు అడిగింది, "ఏం సామీ, గాజులు గావల్నా?" అని.

చివరికి వెళ్ళాడు. జనం దారి ఇచ్చారు, దర్గా మనిషని.

మాళప్ప ముందు మోకాళ్ళ మీద కూర్చుని ముడి విప్పాడు. రాయిని ఆయన అరచేతిలో పెట్టాడు.

"తాతా, నీ లెక్క తప్పలేదు," అన్నాడు, అందరికీ వినబడేట్టు. "ఇది నేను తీసినాను."

మాళప్ప రాయిని బొటనవేలితో రుద్ది చూశాడు.

"వెచ్చగుండాదే," అన్నాడు. "నిన్నట్నుంచి ఒంటిమీదే పెట్టుకున్నావా?"

అంతలో జనంలోంచి ఒక ముసలాయన గట్టిగా అన్నాడు.

"శభాష్! ఇంతమందిలో తప్పొప్పుకునేదానికి ఎంత గుండె గావాల! గురువుకు తగ్గ శిష్యుడప్పా!"

"మనమైతే చెబుతామా?"

"అందుకే దర్గాలో ఉండాడు, మనం ఊళ్ళో ఉండాం."

ఎవరో భుజం తట్టారు. ఎవరో మెడలో పూలదండ వేశారు. ఓబులమ్మ కళ్ళొత్తుకుని, మనవణ్ణి తెచ్చి అతని కాళ్ళకు మొక్కించింది. గుట్టమెట్ల దాకా నలుగురు వెంట వచ్చారు. మెట్లెక్కుతుంటే ఒళ్ళు తేలికైనట్టుంది. నడుం దగ్గర ఏమీ గుచ్చుకోవడం లేదు.

కాశింసాబ్ దర్గా అరుగు మీద కూర్చుని నిన్నటి పూలలో వాడినవి ఏరుతున్నాడు. దస్తగిరి ఎదురుగా కూర్చున్నాడు.

"చెప్పేసినాను బాబా. అందరి ముందరా చెప్పినాను."

"ఊఁ."

"ఎవరూ ఒక్క మాట అనలేదు. పైగా..." మెడలోని దండ తడిమి ఊరుకున్నాడు.

కాశింసాబ్ ఒక పువ్వు పక్కకు వేశాడు.

"మంద ఎవరికి పాయె?"

ఎవరికి పోయిందో దస్తగిరికి తెలియదు. చూడలేదు. చూడాలని తట్టనేలేదు.

లేచి అరుగు అంచుకు వెళ్ళి కిందకు చూశాడు. వంక దారిలో దుమ్ము లేస్తోంది. ఆ దుమ్ములో పసుపు కొమ్ములు, ఇంచుమించు ఊరి మేకలన్నీ. వాటి వెనక ఎర్ర తువ్వాలు. గాజుల అంగడి వెనక తాను నిలబడ్డంతసేపూ ఆ కొమ్ములకు పసుపు పడుతూనే ఉందని ఇప్పుడు గుర్తొచ్చింది. మెట్ల పక్కన బండ మీద మాళప్ప ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పక్కన నాలుగు మేకలు. ఆయన వాటి తలల మీద చెయ్యి వేస్తున్నాడు. ఒకదాని తర్వాత ఒకటి. మళ్ళీ మొదటిదాని మీద.

వెనకనుంచి కాశింసాబ్ వచ్చి అతని చేతిలో ఏదో పెట్టాడు. రాళ్ళసంచి. పొద్దున ఆట మధ్యలో బండ మీద వదిలేసిన రాళ్ళను ఆయన ఎప్పుడు ఏరి తెచ్చాడో.

"మేకలు పోయినాయి," అన్నాడు. "రాళ్ళన్నా ఇచ్చి రాపో."

దస్తగిరి దండ తీసి అరుగు మీద పెట్టాడు. సంచి పట్టుకుని మెట్లు దిగాడు.

కింద ఎవరో అతన్ని చూసి మళ్ళీ శభాష్ అన్నారు.