మూడో ఆకు

పిల్లలూ, కథకు ముందు ఒక ప్రశ్న. గడ్డికి ఆకలేస్తుందా? నవ్వకు హేలా, ఆలోచించు. ఆలోచిస్తూనే వినండి.

అనగనగా ఒక చల్లని కొండ అడవి. అక్కడ పొద్దున్నే అడవంతా మంచులోంచి మెల్లగా పైకి తేలేది. ముందు చెట్ల కొనలు, తర్వాత కొమ్మలు, అన్నిటికన్నా చివర గడ్డి.

ఆ అడవిలో చామంతి అనే ఆవు, దాని లేగదూడ ఉండేవి. పక్కనే ఒక కొంటె మేక, దాని పిల్ల. ఒకనాడు ముసలి కుందేలు రైగడ్డి అనే మేతగడ్డి విత్తనాలు తెచ్చి, వాగు పక్కన ఇద్దరిచేతా చెరో మడిలో చల్లించింది.

"ఒక్కసారి చల్లితే ఏళ్ళ తరబడి మేయొచ్చు," అంది కుందేలు. "కానీ మూడో ఆకు వచ్చేదాకా మూతి పెట్టకండి. మేసేటప్పుడు కూడా నా చెవిలో సగమంత మోడు వదలండి. అడుగున తెల్లకాడ ఉంటుందే, అది గడ్డి దాచుకున్న అన్నం. అది తినే మళ్ళీ చిగురిస్తుంది."

మొదటి ఆకు వచ్చింది. మేక తన మడిని తెల్లకాడతో సహా కొరికేసింది. "అబ్బ, ఏం తీపి! చామంతక్కా, నువ్వు గడ్డికి కాపలా కాస్తున్నావా?" అని వెక్కిరించింది.

రెండో ఆకు వచ్చింది. "అమ్మా, పాలు చాలట్లేదు," అని దూడ ఏడ్చింది. చామంతి గుండె కరిగింది. తల వంచింది. మంచుతడి గడ్డి ముక్కుకి చల్లగా తగిలింది. 'ఇంకొక్క ఆకమ్మా...' అని గడ్డే నిద్రలో గొణిగినట్టయింది. చామంతి తల ఎత్తి, వెదురు పొదకు వెళ్ళి గరుకాకులు నమిలింది.

మూడో ఆకు వచ్చింది. అప్పుడు మేసింది, మోడు వదిలి.

తర్వాత పొడిగాలులు వీచాయి. మేక మడి బోడిగుండైంది. చామంతి మడి మాత్రం మోడుల్లోంచి మళ్ళీ మళ్ళీ పచ్చబడింది. దూడ కడుపునిండా తాగి, మంచులో గంతులేసింది.

ఒక ఉదయం మేక తలవంచుకుని వచ్చింది. "అక్కా, నా దగ్గర పాలు ఇంకిపోయాయి. పిల్ల నిలబడలేకపోతోంది."

"రా, మేయి. మోడు మాత్రం వదలాలి."

"కొలవడానికి కుందేలు చెవి లేదే?"

చామంతి నవ్వింది. "నీ గడ్డం ఉందిగా! అది నేలకి తగలగానే ఆపెయ్."

మేక నెమ్మదిగా మేసింది. గడ్డం కొనకి నేల తడి తగిలింది. ఇంకా ఆకలిగానే ఉంది. అయినా మేక తల ఎత్తింది.

తెలిసిందా హేలా? గడ్డికీ ఆకలేస్తుంది. సరే, నన్ను లేవనివ్వండి. పెరట్లో తోటకూర సగమే కోసి వచ్చాను. మిగతాది కోసుకొస్తా, మొదళ్ళు వదిలేస్తాలెండి! ఈలోపు మీరు పలక మీద ఇది రాయండి:

నీతి: మనల్ని పోషించేదానికి కూడా కాస్త తిండి మిగల్చాలి.