నక్కగారి పక్కన బసవన్న

చెరుకు ఫ్యాక్టరీ వెనక బళ్ల అడ్డాలో ఒకటే నీళ్లతొట్టి. ముందు ఎవరు తాగాలో చెప్పేది అడ్డా పెద్ద. ఆ పెద్ద నక్క. కిందటిసారి గెలిచిన మర్నాడే ముందు వరస తన చుట్టాలకు రాసిచ్చేసింది. మిట్టమధ్యాహ్నం బళ్లు దింపి వచ్చే ఎద్దులకు తొట్టి అడుగున బురదే మిగిలేది. ఇప్పుడు మళ్లీ ఎన్నికలు. పోటీకి గేదె నిలబడింది.

"ఈసారి ఎద్దుల ఓట్లు పడవు దొరా," అంది సలహాదారు కాకి. "మీ పేరెత్తితే మూతి తిప్పుకుంటున్నాయి."

"అయితే ఉపపెద్దగా ఒక ఎద్దునే పెట్టుకుందాం. తమవాడని మురిసిపోతాయి."

"బండెద్దుని పెట్టుకుంటే గెలిచాక నీళ్లడుగుతుంది."

"అడగని ఎద్దునే చూడు!"

కాకి ఒక గంగిరెద్దును వెంటబెట్టుకొచ్చింది. పేరు బసవన్న. గడపగడపకీ తిరిగి తల ఊపడమే తప్ప బండి లాగి ఎరగదు. నక్క దాని రంగుల బొంత తీయించి, గజ్జెలు విప్పించి, ఒంటికి మట్టి పూయించింది.

"గెలిచాక నా మాటే నీ మాట. అంతేనా, బసవన్నా?"

బసవన్న తల ఊపింది.

"ఇంత బుద్ధిమంతుణ్ణి ఇన్నాళ్లూ ఎక్కడ దాచావే!" అని నక్క కాకిని మెచ్చుకుంది.

సభ రోజున నక్క చెరుకుపిప్పి కుప్పెక్కి అందుకుంది. "ఇతను మీలో ఒకడు. ఎండనక వాననక బళ్లు లాగాడు. అవునా, బసవన్నా?"

బసవన్న ఊపింది. కుర్ర ఎద్దులు కరిగిపోయాయి.

ముందు వరసలో ఉన్న ముసలి మచ్చెద్దు మాత్రం బసవన్న మెడకేసి చూసింది. కాడి ఒరుసుకుని కాయ కాసిన గుర్తే లేదు. కొత్త పెళ్లికొడుకు చెంపలా నున్నగా ఉంది.

"నక్కగారూ, మావాడేగా, నేనూ రెండు ముక్కలు అడగొచ్చా?"

"అదేం మాట అన్నా! మావాడు ఏదీ దాచడు."

మచ్చెద్దు గంగిరెద్దులవాడిలా గొంతు సాగదీసింది. "గెలిచాక ముందు వరస మళ్లీ నక్కలకేనా, బసవన్నా?"

ఊపింది.

"మా దాహం మీకు పట్టదా, బసవన్నా?"

ఇంకా హుషారుగా ఊపింది. సభంతా గొల్లుమంది.

"అబద్ధమని చెప్పరా!" నక్క అరిచింది. బసవన్న కదల్లేదు.

"పేరు పెట్టి అడగండి దొరా, అలవాటు," అని కాకి చెవిలో ఊదింది.

"నేను మోసగాణ్ణా, బసవన్నా?"

మెడ విరిగిపోతుందేమో అన్నట్టు ఊపింది.

ఎద్దుల ఓట్లు ఒక్కటీ తప్పకుండా గేదెకు పడ్డాయి. ఖాళీ అయిన సభలో నక్క పళ్లు నూరింది. "నా కొంప ముంచావు. నీకసలు బుద్ధుందా, బసవన్నా?"

దానికీ ఊపింది.

అన్నిటికీ సరే అనేవాణ్ణే ఏరికోరి తెచ్చుకుంటే, ఎదుటివాళ్లు అడిగినా వాడు సరే అనే అంటాడు.