వాడిపోని తెల్ల గొడుగు

అనగనగా, గోదారి సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఒక ఊరు. ఇలా దగ్గరికి జరుగు తల్లీ, దుప్పటి కప్పుకో. ఆ ఊళ్ళో ఏ అరుగు మీద చూసినా ఆడవాళ్ళు లేసు అల్లుతూ కనిపించేవాళ్ళు. ఒక మోకాలు పైకి మడిచి కూర్చుని, కొస వంకర ఉన్న సన్నటి సూదితో తెల్లదారం అల్లుతుంటే చూడాలి! ఆ లేసు అందమంతా దాని కన్నాల్లోనే ఉండేది.

ఆ ఊళ్ళో మాణిక్యం, వరహాలు అని ఇద్దరు ఆడపిల్లలు. పక్కపక్క ఇళ్ళు. తొలకరి పడిందంటే చాలు, చేతులు పట్టుకుని గడ్డివాము దగ్గరికి ఒకటే పరుగు! అక్కడ పుట్టగొడుగులు లేచేవి. తెల్లగా, బొద్దుగా, నడినెత్తిన కాస్త గోధుమరంగు చుక్కతో. ముందు చూసినవాళ్ళు "నా గొడుగోయ్!" అని ఊరంతా వినబడేలా అరవాలి.

ఆ ఏడు కూడా తొలకరి పడింది. అప్పుడే వరహాలుకి ఒంటినిండా ఆటలమ్మ పోసింది. గుమ్మానికి వేపమండలు కట్టారు. తలకి నీళ్ళు పోసేదాకా బయటివాళ్ళు లోపలికి వెళ్ళకూడదు. ఆ ఇంట్లో సూది కూడా పట్టకూడదు, అమ్మవారికి గుచ్చుకుంటుందని.

మాణిక్యం ఊరుకుంటుందా? అన్నిటికన్నా పెద్ద గొడుగు కోసుకొచ్చి, ఆకులో పెట్టి, వరహాలు కిటికీలో ఉంచింది. వరహాలు కళ్ళు మెరిశాయి. కానీ తెల్లారేసరికి ఆ గొడుగు నల్లబడి ముడుచుకుపోయింది.

"చూశావా, వాడిపోయింది. నేనూ అంతేనే," అని వరహాలు గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత గంజి కూడా ముట్టలేదు. వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

మాణిక్యం కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి తొంగిచూసింది.

"ఒసేయ్ వరహాలూ! నీకు తలకి పోసే రోజుకి వాడిపోని గొడుగు తెస్తా. అందాకా నువ్వు గంజి తాగాలి, ఒట్టెయ్!"

"వాడిపోనిది ఎక్కడ మొలుస్తుందే, మొద్దూ?"

"నా చేతిలో మొలుస్తుంది!"

అనడమైతే అనేసింది. అప్పుడు ఇంటికి పరిగెత్తి సూదీ దారం తీసి, అరుగు మీద కూర్చుంది. చకచకా ఒక గొడుగు అల్లింది. అబ్బ, ఎంత బావుందో! పూలూ తీగలూ, చక్కటి కన్నాలూ. లోపల బూరుగు దూది కూరింది. కూరిన దూది కూరినట్టే కన్నాల్లోంచి బయటికొచ్చేసింది! ఇల్లంతా ఎగిరింది. వాళ్ళ మామ్మ దేవుడి దగ్గర కూర్చుని ఉంటే, ఒక పింజ వెళ్ళి కృష్ణుడి కిరీటం మీద వాలింది.

"ఏమే మాణిక్యం, స్వామి చలేస్తోందని చెప్పాడా నీకు?" అంది మామ్మ.

మాణిక్యం నాలిక్కరుచుకుంది. కన్నాలు అల్లడమే తెలిసిన చెయ్యి కదా అది! ఆ తర్వాత అంతా విప్పేసింది. ఈసారి ముడి పక్కన ముడి, చీమ కూడా దూరకుండా బిగించి అల్లింది. కాడ చక్కగా వచ్చింది. నెత్తి మాత్రం అప్పడంలా బల్లపరుపుగా వచ్చింది.

"ఇది గొడుగా, పాలగిన్నె మీద మూతా?" మామ్మ నవ్వింది. "లేసు బల్ల మీద పరవడానికి కదా, చదునుగా రావాలనే చుట్టు చుట్టుకీ ముడులు పెంచుతాం. నీ గొడుగుని ఏ బల్ల మీద పరుస్తావే?"

మర్నాడే వరహాలుకి తలకి పోసేది! పొద్దు వాలుతోంది. మాణిక్యం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అమ్మా తల్లీ, నువ్వే దారి చూపించు," అని అమ్మవారికి దణ్ణం పెట్టుకుని, ఆ అప్పడాన్ని విసుగ్గా మోకాలి మీద పడేసింది.

పడేసి, చూసింది. మోకాలు గుండ్రంగా ఉంది! అచ్చం గొడుగు నెత్తిలా ఉంది!

"మామ్మా! మామ్మా! దొరికింది!"

అప్పుడు అప్పడాన్ని కాస్త విప్పి, చిన్నది చేసి, మోకాలి మీదే ఉంచి అల్లింది. ఈసారి ముడులు పెంచలేదు. చుట్టు మీద చుట్టు వేస్తుంటే అంచు నెమ్మదిగా కిందికి వంగింది. మోకాలికి టోపీ పెట్టినట్టు కూర్చుంది! దూది కూరింది, ఒక్క పింజ కూడా బయటికి రాలేదు. కాడ తగిలించింది. నిలబడింది! చివరికి మామ్మ తాగుతున్న కాఫీ గ్లాసులో తన వేలు ముంచి, నడినెత్తిన గోధుమరంగు చుక్క పెట్టింది.

తెల్లారింది. వరహాలుకి వేపాకు నీళ్ళు పోశారు. అమ్మవారికి పెరుగన్నం పెట్టి సాగనంపారు. తలుపు తీశారో లేదో, మాణిక్యం గాలిలా దూసుకెళ్ళింది.

"నా గొడుగోయ్!" అని అరిచింది వరహాలు, మంచం మీంచే. ముట్టుకుంటే చితికిపోతుందేమోనని ఒక్క వేలితో తాకింది. అది మెత్తగా నొక్కుకుని మళ్ళీ లేచింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏమే, దీనికి కాఫీ వాసనొస్తోంది!"

"మరి? కాఫీ తాగిన గొడుగు. నిద్రపోదు, వాడిపోదు!"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. అప్పుడు వరహాలు వాళ్ళమ్మ వైపు తిరిగి, "అమ్మా, ఆకలేస్తోందే. అన్నం పెట్టవూ?" అంది. ఆ తల్లి ఒక్క ఉదుటున లేచి అన్నం కలిపి తెచ్చింది.

ఆ వరహాలు ఎవరనుకున్నావు? మా అమ్మే తల్లీ. ఆ గొడుగు ఇప్పుడు ఎక్కడుందంటావా? నీ దిండు కింద చెయ్యి పెట్టి చూడు. ఆ... దొరికిందా! నొక్కి చూడు, మళ్ళీ లేస్తుంది.

గుండ్రం గుండ్రం గొడుగమ్మా,
గుండెకి హత్తుకు పడుకోమ్మా!
కథేమో కంచి దారి పట్టింది,
నిద్రొచ్చి మనింటి తలుపు తట్టింది.