రోజూ తప్పిపోయిన కోడిపిల్ల

చెరకు గానుగకు మోటారు బిగించాక ముసలి ఎద్దు మైలన్నకు పని పోయింది. పన్నెండేళ్లు గానుగ చుట్టూ తిరిగినవాడు, ఇప్పుడు బెల్లం కాగేటప్పుడు పైకి తేలే తీపి తెట్టు తినడం, పడుకోవడం. ఏడాది తిరిగేసరికి షుగరు వచ్చింది. మోకాళ్లు బిగిశాయి, మూపు పట్టేసింది, గిట్టలు తిమ్మిరెక్కాయి.

నాకూ ఆ జబ్బే. ఒక ఏడాది కుడిభుజం పైకి లేవక, చొక్కా మా ఆవిడే తొడిగేది. నీలి గళ్ల చొక్కా, మంచి గుడ్డ. సరే, ఎద్దు దగ్గరికి వద్దాం.

తెట్టు మాన్పించి, పూటపూటా కాస్త నడిపించమన్నాడు పశువుల డాక్టరు. తెట్టయితే ఆపాడు గానీ, నడిపించడానికి ఆసామికి తీరిక లేదు, ఎద్దుకు ఓపిక లేదు.

ఎద్దు పడుకునే పాకలోనే నూకాలు అనే కోడి ఎనిమిది పిల్లలతో కాపురముంటోంది. మైలన్న కొమ్ములకు జడిసి ఇన్నాళ్లూ అటు రాని నక్క, ఇప్పుడు కంచె అవతల నుంచి పలకరించింది.

"బావా, ఆ డాక్టరు మాట వినకు. తిరిగి తిరిగే కదా కీళ్లు అరిగాయి! హాయిగా పడుకో. తెట్టు నేను తెచ్చిపెడతా."

"నా బాధ తెలిసినవాడివి నువ్వొక్కడివే బావా," అన్నాడు మైలన్న.

నూకాలు ఆ మాటలు వింది. ఎద్దు లేవకపోతే పిల్లలు దక్కవు. "అన్నా, కాస్త లేచి నడవరాదా?"

"నీకేం చెల్లీ, పిడికెడు ఒంటితో ఎన్నైనా చెబుతావు."

మర్నాడు నూకాలు ఏడుస్తూ వచ్చింది. "అన్నా, ఓ పిల్ల తప్పిపోయింది! గడ్డివాము దగ్గర చూద్దాం, రావూ?"

మైలన్న మూలుగుతూ లేచాడు. తీరా వెళ్లొస్తే పిల్ల పాకలోనే ఉంది. మర్నాడు నూతి దగ్గర తప్పిపోయింది. ఆపైన పిప్పి కుప్ప దగ్గర.

"ఏం పిల్లల్ని కన్నావే తల్లీ, ఒక్కటీ ఇంటిపట్టున ఉండదు!"

నక్క రాత్రిపూట కంచె దగ్గర కొబ్బరిచిప్పలో పెట్టిపోయిన తెట్టును నూకాలు పొద్దున్నే మట్టిలోకి తన్నేసేది. సాయంత్రం ఎద్దు గిట్టల్లో ఇరుక్కున్న రాళ్లు ముక్కుతో ఏరేది.

"అక్కడ రాయుందా? నాకు తెలియనే లేదే!" అనేవాడు మైలన్న.

రెండు నెలలు గడిచాయి. ఓ మధ్యాహ్నం అందరూ చెరకు నరకడానికి వెళ్లిన వేళ, నక్క కంచె దూరి వచ్చింది.

"లేవకు బావా, లేవకు. నేనొచ్చింది నీ కోసం కాదులే."

పిల్లలు కీచుమన్నాయి. మైలన్న లేచాడు.

"అదేంటి బావా! నీ కీళ్లు?"

"నొప్పిగానే ఉన్నాయి బావా," అంటూ కొమ్ము విసిరాడు. నక్క కంచె ముళ్లలో పడి, సగం తోక బొచ్చు అక్కడే వదిలి కుంటుకుంటూ పారిపోయింది.

మైలన్న రొప్పుతూ కోడి వైపు తిరిగాడు. "చెల్లీ, నిజం చెప్పు. ఒక్క పిల్లైనా ఎప్పుడైనా తప్పిపోయిందా?"

నూకాలు తల దించుకుంది. "లేదన్నా. నా పిల్లల కోసం అబద్ధమాడాను."

"ఎవరి కోసం ఆడితేనేం తల్లీ, లేచింది నా కాళ్లు. నీ మేలు మరవను. రేపు ఏ పిల్లను పోగొడతావో చెప్పు, పెందలాడే బయల్దేరదాం."

కాళ్లు నొప్పన్నప్పుడు పడుకోబెట్టి తీపి పెట్టేవాడి కన్నా, విసిగించి నాలుగడుగులు వేయించేవాడే మన మేలు కోరినవాడు.