నీళ్ళకు మేత వేసిన నూకాలు

ఏ కాలంనాటి మాటో నాకూ తెలియదు గానీ, అనగా అనగా సముద్రం ఒడ్డున మణిరేవు అనే రాజ్యం ఉండేది. దాన్ని జయకేతు మహారాజు ఏలేవాడు. ఆయన మంచివాడా, చెడ్డవాడా అంటే, ఎదుట నిలబడి చెప్పినవాళ్ళు ఎవరూ లేరు.

ఆ కొలువులో ఒక కట్టుబాటు ఉండేది. రాజు ఏ పని గురించి అడిగినా "సిద్ధం మహాప్రభూ" అని చెప్పాలి. "ఇంకా కాలేదు" అనే మాట ఆయన చెవిన పడకూడదు. అందుకని వంటవాళ్ళు పలుకు మీదున్న అన్నమే వడ్డించేవారు. తాపీవాళ్ళు తడి ఆరని గోడలకే సున్నం కొట్టేవారు. రాజు ఆ అన్నమే తిని, ఆ గోడల మధ్యే పడుకుని, తన రాజ్యంలో పనులు ఎంత చురుగ్గా సాగుతున్నాయో అని మురిసిపోయేవాడు.

ఒకనాడు ఓడల వర్తకుడు పేరయ్య సెట్టి కొలువుకు వచ్చాడు. ఆఫ్రికా ఖండంలో కొండల నడుమ ఒక మహా సరస్సు ఉందట. మంచినీళ్ళదే గానీ సముద్రమంత ఉంటుందట. అక్కడి నుంచి అరవై చేపలు తెచ్చాడు, చేపకొక జాడీ చొప్పున. కొన్ని పసుపు ముద్దల్లా ఉన్నాయి. కొన్ని నీలిమందులో ముంచి తీసినట్టున్నాయి. ఇప్పటివాళ్ళు వాటిని సిక్లిడ్లు అంటారు. రాళ్ళ సందుల్లో కాపురం ఉంటాయి కనుక పేరయ్య సెట్టి వాటిని రాతిచేపలు అన్నాడు.

"ఇవి మహా పౌరుషం గల చేపలు మహాప్రభూ. దేని గూడు దానికి లేకపోతే కొట్టుకు చస్తాయి. ఆ సరస్సు ఒడ్డున ఉండేవాళ్ళు నాకో మాట చెప్పి పంపారు. ముందు రాళ్ళు పేర్చాలట. తర్వాత నీళ్ళు పోయాలట. ఆ తర్వాత ఆగాలట. చేపల్ని అన్నిటికంటే ఆఖర్న వదలాలట. నా వెనక ఇంకో రెండు ఓడల్లో మరికొన్ని చేపలు వస్తున్నాయి" అన్నాడు సెట్టి.

రాజుకు రాళ్ళ మాటా నీళ్ళ మాటా వినపడ్డాయి. ఆగాలన్న మాట వినపడలేదు. కొలువుకూటం మధ్యలో ఏనుగు పడుకునేంత గాజు తొట్టి కట్టించాడు. దానికి వెయ్యి బిందెల నీళ్ళు పట్టాయి.

రాజుగారి చేపల చెరువులు చూసేవాడు ఎర్రన్న. తాతల నాటి నుంచీ వాళ్ళది నీళ్ళ మీద బతుకు. ఆ పూట అన్నం తింటూ భార్య నూకాలుతో అన్నాడు.

"కొత్త నీళ్ళల్లో చేపని వదిలితే దాని మురికే దాన్ని చంపేస్తాదే. ఆ మురికిని తినే జీవం నీళ్ళల్లో పుట్టాల. కంటికి కనపడదది. రాళ్ళకీ ఇసకకీ జిగురులాగా పట్టుకుంటాది. నెల పైమాటే."

"ఆ ముక్క రాజుగారికి చెప్పు మావా" అంది నూకాలు.

"చెప్తాలే."

మర్నాడు కొలువులో రాజు ఎర్రన్న వైపు తిరిగాడు. "చేపల్ని వదలొచ్చా?" అన్నాడు. ఆయన కనుబొమ్మ ఒకటి కొంచెం పైకి లేచింది. ఎర్రన్న ఆ కనుబొమ్మను చూసి చేతులు జోడించాడు.

"సిద్ధం మహాప్రభూ" అన్నాడు.

రెండు రోజులు చేపలు బాగానే తిరిగాయి. మూడో రోజుకు నీళ్ళ మీదికి వచ్చి నోళ్ళు తెరిచాయి. అయిదో రోజుకు వాటి మొప్పలు కమిలిపోయాయి. ఎనిమిదో రోజు పొద్దున తొట్టిలో ప్రాణం ఉన్నది ఒక్కటీ లేదు. ఎర్రన్న అరవై చేపల్నీ బుట్టకెత్తి తీసుకువెళ్ళాడు.

"ఈ తొట్టిలో చేపలు బతికి ఈదే దాకా వీణ్ణి ఉప్పుమళ్ళలో ఉంచండి" అన్నాడు రాజు.

ఉప్పుమళ్ళంటే మీరు చూసి ఉండరు. కంటికి ఆనినంత మేరా తెలుపే. పైన ఎండ, కింద ఉప్పు, రెండూ ఒకేసారి కళ్ళలోకి కొడతాయి. పాదాలు పగిలితే ఆ పగుళ్ళలోకి ఉప్పు దిగుతుంది. సంకెళ్ళతో అక్కడికి వెళ్ళినవాళ్ళు వానాకాలం దాకా నిలవడం అరుదు.

అప్పుడు భూపతి అనే అధికారి ముందుకొచ్చాడు. రాజమందిరంలో అద్దాలూ దీపస్తంభాలూ తుడిపించడం అతని పని. "మురికి వల్లే చచ్చాయి మహాప్రభూ. నాకు అప్పగించండి" అన్నాడు. రెండో ఓడలో వచ్చిన యాభై చేపల్ని వదిలాడు. రోజూ పొద్దున్నే నీళ్ళన్నీ తోడించి, రాళ్ళను చింతపండుతో తోమించి, ఇసుకను మరిగే నీళ్ళలో ఉడికించాడు. పుట్టబోయే జీవాన్ని పుట్టకముందే రోజూ చంపుతున్నానని అతనికి తెలియదు, పాపం. తొట్టి తళతళా మెరిసింది. పదకొండో రోజుకు చేపలన్నీ పోయాయి. భూపతి కూడా ఉప్పుమళ్ళకు వెళ్ళాడు. మెత్తటి మనిషి కావడంతో ఇరవై రోజులే బతికాడు.

మూడో ఓడ తుపానులో చిక్కుకుంది. రేవుకు చేరేసరికి పన్నెండు చేపలే మిగిలాయి. ఈ ఏడు ఇక ఓడ లేదని పేరయ్య సెట్టి చెప్పేశాడు. పన్నెండు చేపల్నీ ఎవరికి అప్పగించాలని రాజు అడిగితే, కొలువంతా నేలచూపులు చూసింది.

నూకాలు గుమ్మం దగ్గర నుంచి నడిచి వచ్చింది.

"నాకిప్పించండి మహాప్రభూ. నా మనిషిని విడిపించుకోవాల."

"రేపటికి సిద్ధమేనా?"

"కాదు మహాప్రభూ. నలభై రోజులు పడతాది. మీరు మధ్యలో వచ్చి అడిగితే ఇంకా కాలేదనే చెప్తాను. ముందే చెప్తన్నాను, తర్వాత కోప్పడొద్దు."

ఆ కొలువులో ఆ మాట పుట్టడం అదే మొదలు. మంత్రి దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. రాజు లెక్క వేసుకున్నాడు. మిగిలినవి పన్నెండే, అవీ పోతే మళ్ళీ ఏడాది దాకా రావు.

"నలభై రోజులు. చేపలు చచ్చాయా, నీ మొగుడి పక్కనే నీకూ ఒక మడి" అన్నాడు.

నూకాలు కొంగు బిగించింది. తొట్టిని ఖాళీ చేయించి, బరువైన రాళ్ళను అడుగున గట్టిగా కుదిరేలా పేర్చి, ఆ తర్వాతే ఇసుక పోసింది. ఇసుక మీద రాళ్ళు పెడితే ఈ చేపలు కింద తవ్వి ఆ రాళ్ళను తమ మీదికి కూల్చుకుంటాయి. పన్నెండు చేపలకీ ఇరవై గూళ్ళు కట్టింది. ఊళ్ళో పప్పు ఉడకని నీళ్ళున్న బావి ఒకటుంటే, ఏరి కోరి ఆ నీళ్ళే మోయించింది. రాళ్ళు నానిన సరస్సులో పుట్టిన చేపకు అలాంటి కరుకు నీళ్ళే పడతాయి. తొట్టి పైన అడుగున చిల్లులున్న మూడు ఇసుక కుండలు ఒకదాని మీద ఒకటి నిలిపి, పై కుండలో ముంచి పోసిన తొట్టి నీళ్ళు వాటిలోంచి కారి మళ్ళీ తొట్టిలో పడే ఏర్పాటు చేసింది. నాలుగు నత్తల్ని కూడా వదిలింది. చేపలు మాత్రం బావి దగ్గర జాడీల్లోనే ఉన్నాయి. జాడీ నీళ్ళయితే రోజూ కొంచెం కొంచెం మార్చవచ్చు. భూపతిలా తొట్టి నీళ్ళన్నీ ఒకేసారి తోడేస్తే చేపలు తట్టుకోలేవు.

ఆ తర్వాత ఆమె చేసిన పని చూసి కొలువంతా విరగబడి నవ్వింది. రోజూ పొద్దున ఎండు రొయ్యపొట్టు గుప్పెడు తెచ్చి, చేప ఒక్కటీ లేని తొట్టిలో చల్లేది. "నీళ్ళకు మేత వేస్తోందర్రా" అన్నారు. మొగుడు ఉప్పుమళ్ళకు పోయాక మతి పోయిందన్నారు. నూకాలు మర్నాడు ఇంకో గుప్పెడు చల్లింది. ఆ పొట్టు కుళ్ళాలి. ఆ కుళ్ళును తినే జీవం పుట్టాలి. మేత లేకుండా ఏదైనా ఎలా పుడుతుంది?

పదో రోజున రాజు వచ్చాడు. నీళ్ళు కుడితిలా ఉన్నాయి. వాసన భరించలేక ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"సిద్ధమేనా?"

"ఇంకా కాలేదు మహాప్రభూ."

ఆ మాటకు శిక్షగా ఆ రోజు ఎర్రన్న తల మీదికి రెండో ఉప్పు గంప ఎక్కించారు.

ఇరవై అయిదో రోజున రాజు మళ్ళీ వచ్చాడు. ఈసారి నీళ్ళు తేటగా ఉన్నాయి. అడుగున గులకరాయి కూడా కనిపిస్తోంది. "ఇంకేం కావాలి? సిద్ధమను. నీ మొగుణ్ణి ఈ సాయంత్రమే ఇంటికి పంపిస్తాను" అన్నాడు.

నూకాలు గాజు వంక చూసింది. నత్తలు నాలుగూ నీళ్ళలోంచి బయటికి పాకి అంచుకు అతుక్కుని ఉన్నాయి. వాటికింకా నీళ్ళు సరిపడలేదు. "ఒక్కసారి ఆయన్ని చూసొచ్చి చెప్తాను మహాప్రభూ" అని అడిగింది.

ఉప్పుమళ్ళలో ఎర్రన్న ఆమెను గొంతు విని గుర్తుపట్టాడు. కళ్ళు రెండూ ఎర్రగా వాచి ఉన్నాయి. "నీ మొహం మసగ్గా అవుపిస్తందే నూకా" అన్నాడు. ఆమె విషయమంతా చెప్పింది.

"చెప్పెయ్యవే, సిద్ధమని. నన్ను తీసుకుపో."

"చెప్తే ఇయ్యాల ఇంటికొస్తావు మావా. అయిదో రోజుకి చేపలు తేలతాయి. ఆరో రోజుకి ఇద్దరం ఇక్కడే ఉంటాం."

"అయిదు రోజులు ఇంట్లో ఉంటాను గదే" అన్నాడు ఎర్రన్న.

నూకాలు తెచ్చిన గంజి తాగించి, అతని పాదాలకు ఆముదం రాసి, తిరిగి వచ్చింది. దారి పొడుగునా ఏడ్చింది. కొలువుకు వచ్చాక మొహం తుడుచుకుని రాజు ముందు నిలబడింది.

"ఇంకా కాలేదు మహాప్రభూ."

రాజు లేచి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఎర్రన్నకు మధ్యాహ్నం నీడన కూర్చునే గడియ కూడా తీసేశారు.

నలభయ్యో రోజు వచ్చింది. రాళ్ళకు పలచగా పాచి పట్టింది. ఇసుక కుండల్లో చెయ్యి పెడితే జిగురుగా తగిలింది. నత్తలు నాలుగు రోజులుగా నీళ్ళ అడుగునే తిరుగుతున్నాయి. రాజు అడిగాడు. "సిద్ధం మహాప్రభూ" అంది నూకాలు.

జాడీల్లోంచి పన్నెండు చేపల్నీ ఒక్కొక్కటిగా వదిలింది. అవి ముందు రాళ్ళ వెనక నక్కాయి. కాసేపటికి ఒక నీలిచేప బయటికి వచ్చి, పక్కదాన్ని తరిమి, ఒక గూడు సొంతం చేసుకుంది. ఇంకొకటి ఇసుక నోటితో ఎత్తి గుమ్మం ముందు ఊడ్చుకోవడం మొదలుపెట్టింది. కొలువులో వాళ్ళంతా పనులు మాని గాజు చుట్టూ చేరారు.

"ఇక నా మనిషిని విడిపించండి మహాప్రభూ" అంది నూకాలు.

రాజు చేపల మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు. "ఇంకా కాలేదు. క్రితంసారి పదకొండు రోజులకు చచ్చాయి. పన్నెండో రోజు దాటనీ, చూద్దాం."

నూకాలుకు ఒళ్ళు మండింది. దాచుకోలేదు. "ఆ మాట నేనంటే నేరమన్నారు. ఇప్పుడు మీ నోటెంట వచ్చింది. నేను ఆగమంది నీళ్ళ కోసం. మీరు ఆగమంటే కాలేది నా మనిషి. మీకు పన్నెండు రోజులు చేపలాట. ఆయనకి పన్నెండు పగళ్ళు మహాప్రభూ" అంది. రాజు గాజుకు ఇంకా దగ్గరగా జరిగి చేపల్నే చూశాడు.

పన్నెండు రోజులూ చేపలు ఒక్కటి తగ్గకుండా ఉన్నాయి. పదమూడో రోజున ఎర్రన్నను తీసుకొచ్చారు. ముందొక భటుడు నడుస్తున్నాడు. ఎర్రన్న చెయ్యి ఆ భటుడి భుజం మీద ఉంది. గుమ్మం దగ్గర అతను కాలితో గడపను తడుముకున్నాడు.

నూకాలు పరుగున వెళ్ళి అతని చెయ్యి పట్టుకుంది.

"చేపలు ఉన్నాయా నూకా?" అన్నాడు ఎర్రన్న.

"ఉన్నాయి మావా. పన్నెండూ."

"బాగా తిరుగుతున్నాయా?"

ఆమె అతన్ని తొట్టి దగ్గరికి నడిపించి, అతని అరచేతిని గాజుకు ఆనించింది. పసుపు చేప ఒకటి మేత అనుకుని ఆ చేతి దగ్గరికి వచ్చింది. ఎర్రన్నకు అది కనపడలేదు.

"ఆగినందుకు నిన్ను తప్పు పట్టను నూకా. ఆ వేళ రాజుగారు అడిగినప్పుడు నేను ఆ ఒక్క ముక్కా చెప్పుంటే, వందకి పైగా చేపలూ బతికేవి, ఆ భూపతిగారూ బతికేవోరు. తెలిసీ చెప్పలేదు" అన్నాడు.

రాజు సింహాసనం దిగి వచ్చాడు. ఎర్రన్న మొహం దగ్గరగా చెయ్యి ఆడించి చూశాడు. రెప్ప పడలేదు. ఆస్థాన వైద్యుణ్ణి పిలిచి, "ఇతనికి చూపు తెప్పించు" అన్నాడు.

వైద్యుడు అలవాటు కొద్దీ "సిద్ధం" అనబోయాడు. నూకాలు అతని వంకే చూస్తోంది. వైద్యుడు తల దించుకున్నాడు.

"ఇక రాదు మహాప్రభూ" అన్నాడు.

తన కొలువులో ఒక ఉద్యోగి నోట నిజం వినడం జయకేతు మహారాజుకు అదే మొదటిసారి. విన్నాడు గానీ, అప్పటికి ఆ నిజంతో చేయగలిగింది ఏమీ మిగలలేదు.

నిజం చెప్పవలసిన రోజున భయపడి దాచినవాడూ, చెప్పనివ్వకుండా భయపెట్టినవాడూ ఇద్దరూ నష్టపోతారు, తమను నమ్ముకున్నవాళ్ళనూ నష్టపెడతారు. అందుకని పిల్లలూ, కాని పనిని ఇంకా కాలేదని ఎవరి ముందైనా మొదటి రోజే చెప్పండి.