అంచున గీసిన ఎర్ర గీత

తెనాలిలో కాలవ పక్క కాలనీలో చిట్టూరి సాంబమూర్తి అనే రిటైరైన డ్రాఫ్ట్స్‌మన్ ఉండేవాడు. గీత గీస్తే వెంట్రుకవాసి తేడా రాదు గానీ, నోరు తెరిస్తే ముందూ వెనకా చూసేవాడు కాదు.

ముప్పై ఏళ్ళు కాలవలకీ లాకులకీ పటాలు గీసిన చెయ్యి రిటైరయ్యాక ఊరికే ఉండలేకపోయింది. ప్రతి ఆదివారం కమ్యూనిటీ హాల్లో పిల్లల్ని పోగేసి కథల ఆట ఆడించేవాడు. బల్ల మీద ఒక పెద్ద గేమ్ మ్యాట్ పరిచేవాడు. అది రెక్సిన్ లాంటి పట్టా, దాని నిండా అంగుళం గళ్ళు. మార్కర్‌తో దాని మీద నదులు, కోటలు, వంతెనలు గీసి కథ మొదలుపెట్టేవాడు. పిల్లలు చొక్కా గుండీలను తమ మనుషులుగా పెట్టుకుని, పాచిక వేసి గళ్ళ మీద నడిపేవారు. ఎవరి మనిషి ఏం చేస్తాడో, ఏం మాట్లాడతాడో వాళ్ళే చెప్పాలి. ఆట అయ్యాక తడిగుడ్డతో తుడిస్తే నదీ కోటా అన్నీ పోయేవి. పై ఆదివారానికి మరో రాజ్యం తయారు.

ఆ మ్యాట్ అంటే ఆయనకు ప్రాణం. దాన్ని ఎలా చూసుకోవాలో అట్ట మీద రాసి గోడకు తగిలించాడు. నీళ్ళతో చెరిగే మార్కర్లే వాడాలి. బోర్డు మీద రాసే మార్కర్లు ముట్టుకోకూడదు. కొత్త మార్కర్ ఏదైనా సరే ముందు అంచున చిన్న గీత గీసి, పది నిమిషాలాగి, తుడిచి చూడాలి. రంగు వారం రోజులు ఉంచెయ్యకూడదు. స్పిరిట్ పెట్టి రుద్దకూడదు. మడత పెట్టకూడదు, చుట్టాలి. ఎండలో పడెయ్యకూడదు. ఒక పట్టా మీద ఇంత శ్రద్ధ పెట్టిన మనిషి మనుషుల మీద అందులో సగం పెట్టి ఉంటే నేనీ కథ చెప్పవలసిన అవసరం ఉండేది కాదు.

ఆ పిల్లల్లో కెజియా అని పదమూడేళ్ళ అమ్మాయి ఉండేది. వాళ్ళమ్మ సలోమి ఆసుపత్రిలో నర్సు. కెజియాకు నత్తి. బళ్ళో పేరు పిలిస్తే లేచి నిలబడేది గానీ, "హాజర్" అనే లోపు టీచరు తర్వాతి పేరుకు వెళ్ళిపోయేది. కానీ ఈ ఆటలో ఆమె రాణి. నీలం గుండీ ఆమెది. తన వంతు వచ్చినప్పుడు ఆగి ఆగి అయినా మాట పూర్తి చేసేది. నెల నెలకీ ఆ ఆగడం తగ్గుతూ వచ్చింది. ఆగస్టు పదిహేనుకు బళ్ళో నాలుగు వాక్యాలు చెప్తానని తనే పేరిచ్చింది. మా అమ్మాయి వసుధ కూడా ఆ ఆటకే వెళ్ళేది కాబట్టి ఇదంతా నాకు తెలుసు.

మ్యాట్ తుడిచి చుట్టి పెట్టే పని కెజియాదే. అడిగి మరీ తీసుకుంది.

ఒకసారి మార్కర్లు ఎండిపోయాయి. సాంబమూర్తి బజారుకెళ్ళి ఎర్ర మార్కర్ ఒకటి తీసుకున్నాడు. కొట్టువాడు, "అయ్యా, ఇది బోర్డు మీద..." అంటూ ఏదో చెప్పబోయాడు.

"నాకు నేర్పకు. ముప్పై ఏళ్ళు పెన్ను పట్టినవాణ్ణి," అని లాక్కుని వచ్చేశాడు.

ఆ ఆదివారం కెజియా అందరికంటే ముందొచ్చి మ్యాట్ పరిచింది. డబ్బాలో కొత్త మార్కర్ కనిపించింది. గోడ మీద రాసినట్టే అంచున అరంగుళం గీత గీసింది. పది నిమిషాలాగి తడిగుడ్డతో తుడిచింది. పోలేదు. మళ్ళీ తుడిచింది. అయినా పోలేదు. చెబుదామని సాంబమూర్తి దగ్గరికి వెళ్ళింది. ఆయన ఫ్యాను తిరగడం లేదని వాచ్‌మన్ మీద విరుచుకుపడుతున్నాడు.

"తా... తాత..."

"తర్వాత, తర్వాత," అని చెయ్యి విసిరాడు.

కెజియా నోట్సులోంచి కాగితం చింపి ఏదో రాసింది. దాన్ని మార్కర్ చుట్టూ చుట్టి రబ్బరు బ్యాండ్ వేసి డబ్బాలో పెట్టింది.

కథ మంచి పట్టులోకొచ్చింది. శత్రువులు కోట చుట్టూ నిప్పు పెట్టారు. సాంబమూర్తి ఊపులో డబ్బాలో చెయ్యి పెట్టి ఎర్ర మార్కర్ తీశాడు. కాగితం పీకి అటే పడేశాడు, చదవలేదు. కెజియా లేచి నిలబడింది.

"ఆ... ఆ..."

"రాణిగారికి తొందరెక్కువైంది. నీ వంతు వస్తుంది, కూర్చో," అన్నాడు. అని, కోట చుట్టూ ఎర్రటి మంట జానెడు వెడల్పున దట్టంగా పూసేశాడు.

ఆట అయ్యాక మామూలుగా ముందు ఆయనే వెళ్ళిపోయాడు. కెజియా మాత్రం దీపాలు పెట్టే వేళ దాకా తుడుస్తూనే ఉంది.

పై ఆదివారం సాంబమూర్తి స్వయంగా మ్యాట్ విప్పాడు. మధ్యలో ఎర్రటి మంట చెక్కుచెదరకుండా ఉంది. ఆయన ముఖం దానికంటే ఎర్రబడింది.

"కెజియా, ఇటు రా. తుడిచావా దీన్ని?"

కెజియా తలూపింది.

"తుడిస్తే ఎందుకుంది? వారమంతా రంగు అలాగే వదిలేశావు. పీల్చేసుకుంది. గోడ మీద రాసింది చదవడం రాదా?"

"ఎ... ఎ... ఎర్ర..."

"ఏమిటా నసుగుడు?"

"అం... అంచు..."

అప్పుడన్నాడు ఆ మాట. పదిమంది పిల్లల ముందు, ముగ్గురు పెద్దవాళ్ళ ముందు అన్నాడు. "మాట ఎటూ రాదు. పనన్నా రావాలి కదా మనిషికి," అన్నాడు.

ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతోంది. ఆ పిల్ల ఏడవలేదు. నీలం గుండీ తీసి బల్ల అంచున పెట్టి వెళ్ళిపోయింది.

ఆ ముగ్గురు పెద్దవాళ్ళలో నేనొకణ్ణి. గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. పెద్దాయన, పైగా కోపిష్టి, ఎందుకొచ్చిన గొడవలే అనుకున్నాను. ఇంటికొచ్చే దారిలో వసుధ జరిగిందంతా చెప్పింది. కాగితం సంగతి కూడా చెప్పింది.

"మరి నువ్వు అక్కడే చెప్పొచ్చు కదే?" అన్నాను.

"నువ్వు కూడా అక్కడే ఉన్నావుగా నాన్నా," అంది.

నాకొచ్చిన కోపం సాంబమూర్తి మీదో నా మీదో తేల్చుకోలేక ఆ పూట అన్నం ముందు కూర్చుని లేచాను.

సాంబమూర్తి కోపం అక్కడితో ఆగలేదు. స్పిరిట్ సీసా తెచ్చి, తన రాతను తనే కాదని, మ్యాట్‌ను బరబరా రుద్దాడు. ఎరుపు కొంచెం కూడా కదల్లేదు. దాని చుట్టూ ఉన్న గళ్ళు మాత్రం లేచిపోయి మ్యాట్ నడుమ తెల్లటి మచ్చ పడింది. అది కూడా కెజియా వల్లే జరిగిందని నలుగురికీ చెప్పుకున్నాడు.

కెజియా ఆ వారం బళ్ళో నోరు విప్పలేదు. ఆగస్టు పదిహేను జాబితాలో తన పేరు తనే కొట్టేసుకుంది. ఇంట్లో తల్లితో కూడా సైగలే.

శనివారం సాయంత్రం సలోమి డ్యూటీ బట్టల్లోనే హాలుకు వచ్చింది. అక్కడ సాంబమూర్తీ నేనూ ఉన్నాం. ఈసారైనా నోరు తెరవాలని నేను ముందే వచ్చి కూర్చున్నాను గానీ, నా మాట మొదలయ్యేలోపే ఆమె వచ్చింది. సంచిలోంచి ఒక పాత తువ్వాలు తీసి బల్ల మీద పరిచింది. పైపైన లేచిన రంగుకే అంతా లేత గులాబీ రంగుకు తిరిగిపోయి ఉంది.

"బాబాయిగారూ, ఆ రోజు మా పిల్ల తుడిచిన గుడ్డ ఇది. వేళ్ళు పొక్కులు లేచాయి. మందు నేనే రాశాను."

"ఎవరి పిల్ల వాళ్ళకు ముద్దేనమ్మా," అన్నాడు సాంబమూర్తి.

సలోమి గొంతు పెంచలేదు. "ముద్దు సంగతి పక్కన పెట్టండి. నత్తి ఉన్న పిల్ల ఒక్క మాట బయటికి తేవడానికి ఎంత కష్టపడుతుందో మీకు తెలీదు. మీ దగ్గరే ఆ మాట తిన్నగా రావడం మొదలైంది. మీ దగ్గరే ఆగిపోయింది. దాని మాట వచ్చేదాకా ఆగే ఓపిక మీకు లేకపోతే, అది రాసిందన్నా చదవాల్సింది."

"ఏం రాసింది?"

"మార్కర్‌కి చుట్టిన కాగితంలో రాసింది," అన్నాను నేను. వారం ఆలస్యంగా వచ్చింది నా నోట మాట.

ఆయన డబ్బా బోర్లించాడు. అందులో లేదు. బల్ల కింద వెతికితే గోడ వారగా దొరికింది, ఎవరో తొక్కిన కాగితం. రబ్బరు బ్యాండ్ ఇంకా దానికే ఉంది. కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. "తాతగారూ, ఈ ఎర్ర మార్కర్ వాడొద్దు. అంచున గీసి చూశాను. పోవడం లేదు. కెజియా."

తర్వాత మ్యాట్ విప్పి అంచు చూశాడు. ఒక మూల అరంగుళం ఎర్ర గీత. స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉంది. ఆయన చెప్పిన పద్ధతిని ఆయన చెప్పినట్టు పాటించింది ఆ హాల్లో ఆ పిల్ల ఒక్కతే. ఆయన ఆ గీత మీద వేలు పెట్టి చివరిదాకా జరిపాడు.

"ఇప్పుడే వస్తానమ్మా మీ ఇంటికి," అన్నాడు.

నేనూ వాళ్ళ వెంట వెళ్ళాను. కెజియా ఇంటి గుమ్మంలోనే కనిపించింది. సాంబమూర్తి నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. "అమ్మా, నే... నేను..." అని ఆగిపోయాడు. ఊళ్ళో అందరి మీదా అరిచిన నోరు అది. ఆయన పెదవులు మాత్రం కదులుతున్నాయి. సలోమి ఏదో అందివ్వబోతే కెజియా చెయ్యి అడ్డం పెట్టింది. మాట మధ్యలో ఉన్నప్పుడు ఎవరైనా అందుకుంటే ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఆయన ముఖంలోకి చూస్తూ, తొందరపెట్టకుండా నిలబడింది.

ఎంతసేపటికో ఆయన అన్నాడు. "మార్కర్ నేనే కొన్నాను. కాగితం నేనే పీకేశాను. గళ్ళు చెరిపేసిందీ నేనే. ఆ మాట అన్నదీ నేనే. తప్పు నాది తల్లీ."

కెజియాకు మాట కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. ఆయన కదలలేదు.

"అం... అందరి ముందు అన్నారు," అంది.

"అందరి ముందే చెప్తాను."

చెప్పాడు. మర్నాడు పిల్లలందరి ముందూ, పెద్దవాళ్ళ ముందూ నిలబడి ఒక్కటీ దాచకుండా చెప్పాడు. అలా చెప్పాడు కదా అని నా కోపం పూర్తిగా పోయిందనను. ఆ జాబితాలోంచి కొట్టేసిన పేరు మళ్ళీ ఎక్కలేదు. ఆగస్టు పదిహేనున ఆ నాలుగు వాక్యాలు ఇంకెవరో చెప్పారు.

తప్పు ఒప్పుకున్న ఆ ఆదివారమే అదే మ్యాట్ పరిచారు. మధ్యలో ఎర్రటి మంట, చుట్టూ గళ్ళు లేని తెల్ల మచ్చ. సాంబమూర్తి నీలం గుండీ తీసి కెజియా చేతిలో పెట్టాడు.

"రాణిగారూ, కోట ముందు మంట ఉంది. ఏం చేద్దాం?" అని అడిగి, రెండు చేతులూ కట్టుకుని కూర్చున్నాడు.

దాదాపు నిమిషం గడిచింది. ఎవరూ మాట అందివ్వలేదు.

"ఆ... ఆ మంట ఇంక పోదు," అంది కెజియా. "చు... చుట్టూ తిరిగి వెళ్దాం." అని నీలం గుండీని పక్క గడిలోకి జరిపింది.

పిల్లలూ, పెద్దలూ, ఇందులో నీతి ఇది: కొత్త రంగును అంచున గీసి చూడకుండా పట్టా మీద పూయకూడదు, ఎదుటి మనిషి మాట చివరిదాకా వినకుండా ఆ మనిషి మీద నింద వేయకూడదు; ఒకసారి పడ్డాక ఆ రెండు మరకలూ తుడిస్తే పోవు.